చేప కడుపులో చెరువు

చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చున్న మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆగదు. పొలుసు గీకుతుంది, మొప్పలు లాగుతుంది, పొట్ట చీల్చి లోపలిదంతా ఒక్క ఊపున బయటికి తీసేస్తుంది. ఆ హడావిడిలో కూడా ఆమె కన్ను ఒకదాని మీదే ఉంటుంది: చేదు తిత్తి పగలకూడదు. పగిలిందా, కూరంతా చేదే. మిగతాది పక్కనున్న బకెట్లో పడుతుంది. అక్కడి నుంచి పిల్లులకో కాకులకో పోతుంది.

ఈసారి శీలావతి కొన్నప్పుడు ఆ పేగుని పారేసే ముందు ఒక్కసారి విప్పి చూపించమని అడగండి. రోహు అన్నా, తెలంగాణ మార్కెట్లలో రవ్వ అన్నా ఈ చేపే. నులక ఉండ విప్పినట్టు, లాగినకొద్దీ వస్తూనే ఉంటుంది. చేప మూరెడు ఉంటే పేగు ఎన్నో మూరలుంటుంది. పక్కన బొచ్చెని కోయించి చూస్తే దాని పేగు ఇంత పొడవుండదు. కొర్రమీనుది మరీ పొట్టి. తేడా అంతా తిండిలో ఉంది. కొర్రమీను చిన్న చేపల్నీ కప్పల్నీ మింగి బతుకుతుంది, మాంసం తొందరగా అరుగుతుంది. బొచ్చె నీటి పైభాగంలో తిరుగుతూ కంటికి ఆనని సూక్ష్మ జంతువుల్ని వడకట్టుకుని తింటుంది. శీలావతి నడిమి నీళ్లలో నాచు, మొక్కల ముక్కలు, చివికిన ఆకు తింటుంది. ఆకూ పీచూ అరగాలంటే వ్యవధి కావాలి. వ్యవధి దొరకాలంటే దారి పొడవుగా ఉండాలి.

బకెట్లో పడినదంతా వెతికినా కనపడనిది ఒకటుంది. అదే జీర్ణాశయం. ఆమ్లం ఊరే సంచీ శీలావతికి లేదు, బొచ్చెకి లేదు, ఎర్రమోసుకి లేదు. ఇవన్నీ చేరిన కార్పు కుటుంబం మొత్తానికే లేదు. దవడకు పళ్లు కూడా లేవు. గొంతులో ఉన్న పళ్లతో తిండిని నలుపుతుంది, నలిగింది నలిగినట్టు నేరుగా పేగులోకి దిగుతుంది. మన కడుపులోని ఆమ్లం అన్నంతోపాటు లోపలికొచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని గుమ్మంలోనే చంపేస్తుంది. కార్పు చేపకి ఆ కాపలా లేదు. నీళ్లలో ఏముంటే అది, బురదలో ఏముంటే అది, మేతకి ఏమంటుకుని ఉంటే అది చాలావరకు ప్రాణంతోనే పేగు చేరుతుంది. చెరువుకీ చేప పేగుకీ మధ్య ఉన్న గోడ అంత పల్చన. ఆక్వా షాపులో "గట్ ప్రోబయోటిక్" డబ్బా ధర అడిగే ముందు రైతు తలచుకోవలసిన మాట ఇదేనని నా నమ్మకం.

ఈ రాకపోకలు పిల్ల నాటి నుంచే మొదలవుతాయి. గుడ్డు పైపొర మీద హేచరీ నీళ్లలోని బ్యాక్టీరియా అంటుకుని ఉంటాయి. గుడ్డు చీల్చుకుని వచ్చిన పిల్ల రెండు మూడు రోజులు తన సొన సంచీ మీదే బతుకుతుంది. తరవాత నోరు తెరుచుకుంటుంది. మొదటి గుటకతోటే నీళ్లూ, నీళ్లలోని జనాభా లోపలికి వెళతాయి. మన పిల్లలకి తల్లి నుంచి, ఇంట్లో మనుషుల నుంచి ఈ సూక్ష్మజీవులు వస్తాయి. చేప పిల్లకి చెరువే తల్లి. అందుకే నర్సరీ చెరువుని ఎంత బాగా తయారుచేశామన్నది మేత లెక్కతో తీరిపోయే విషయం కాదు. పెద్దయ్యాక ఆ పేగులో ఒక గ్రాము పదార్థం తీసి చూస్తే బ్యాక్టీరియా కోట్లలో ఉంటాయి. మంచినీటి చేపల్లో తరచు కనపడేవి ఏరోమోనాస్, సూడోమోనాస్, బాసిల్లస్, సీటోబ్యాక్టీరియం. ఈ పేర్లలో మొదటిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇవి అక్కడ కూర్చుని ఏం చేస్తున్నాయి? పశువులున్న ఇంట్లో పెరిగిన వాళ్లకి సగం జవాబు తెలుసు. గేదె గడ్డి తిని పాలిస్తోందంటే దాని పొట్టలోని సూక్ష్మజీవుల చలవే. అవి లేకపోతే గడ్డి గడ్డిగానే బయటికి పోతుంది. చేప గేదె కాదు. దానికి నెమరు సంచీ లేదు, తిండి గేదె పొట్టలో ఉన్నంతసేపు చేప పేగులో ఉండదు. అయినా కొంత పని జరుగుతోందని శాంతినికేతన్‌లోని విశ్వభారతి పరిశోధకులు చూపించారు. శీలావతి పిల్లల పేగులో పీచుని విరగ్గొట్టే ఎంజైము, అంటే సెల్యులేజ్ కనపడింది. అది చేప సొంతంగా తయారుచేసుకుంటోందా, లోపలున్న బ్యాక్టీరియా చేసిపెడుతున్నాయా? తేల్చడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి చాలా తేలికైనది. మేతలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ కలిపి పెట్టారు. ఆ ఎంజైము పని పడిపోయింది. చేప అదే చేప, మేత అదే మేత. తగ్గింది బ్యాక్టీరియా మాత్రమే. 1998లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని ప్రతి ఆక్వా షాపు గోడ మీదా అతికించాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. యాంటీబయోటిక్ వేసిన చెరువులో మేత ఎందుకు వంటపట్టడం లేదని అడిగేవారికి కొంత జవాబు అందులో ఉంది.

ఇప్పుడు కొల్లేరు వైపు వద్దాం. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల్లో ప్రధానమైన మేత నూనె తీసిన తవుడు. దానికి వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కలిపి, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ బస్తాల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకు వరసగా కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. తవుడులో భాస్వరం దండిగా ఉంది. కాని అందులో ఎక్కువ భాగం ఫైటిక్ ఆమ్లంగా ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడానికి ఫైటేజ్ అనే ఎంజైము కావాలి, చేపకి అది దాదాపు లేదు. పేగులోని కొన్ని బాసిల్లస్ రకాలు ఫైటేజ్‌ని తయారుచేస్తాయి. అవి బలంగా ఉంటే కొంత భాస్వరం చేప ఎముకకి చేరుతుంది. లేకపోతే అదంతా మలంతో చెరువులోకి పోతుంది. అక్కడ నాచుకి ఎరువవుతుంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారతాయి, రాత్రంతా ఆ నాచు ఆక్సిజన్ తాగేస్తుంది, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మేతలో మిగిలిపోయిన భాస్వరం తెల్లారేసరికి ఊపిరి సమస్యగా బయటపడుతుంది. చెరువులో ఏదీ ఒంటరిగా జరగదు.

విటమిన్ బి12 సంగతి ఇంకా తమాషా. దాన్ని తయారుచెయ్యడం ఏ జంతువుకీ ఏ మొక్కకీ చేతకాదు, బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవులకే చేతనవును. శాకాహారుల ఇళ్లలో ఇప్పుడు ఈ మాత్ర పేరు తెలియనివారు తక్కువ. తిలాపియాకి మేతలో బి12 బొత్తిగా లేకుండా పెట్టి చూసినా లోపం కనపడలేదు. పేగులోని బ్యాక్టీరియా సరిపడా చేసిపెట్టడమే కారణం. కార్పు, తిలాపియా లాంటి చేపల్లో ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనది పైన చెప్పిన సీటోబ్యాక్టీరియం.

జీర్ణం, విటమిను సరే, ఆరోగ్యం మాటేమిటి? దీనికి మంచి సాక్ష్యం ఒక బుల్లి చేప నుంచి వచ్చింది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు గంగానది చేపల మీద పుస్తకం అచ్చువేశాడు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసుల శాస్త్రీయ వర్ణన మొదట అందులోనే వచ్చింది. వేలెడంత కూడా లేని నీలి చారల చేప ఒకటి అదే పుస్తకంలో ఉంది. దాన్నే ఇప్పుడు జీబ్రా చేప అంటున్నారు. మన పక్కనుండే ఈ చేప తరవాత ప్రపంచమంతా ప్రయోగశాలల్లో స్థిరపడింది. పిల్లలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి కాబట్టి కొయ్యకుండానే లోపల ఏం జరుగుతోందో చూడవచ్చు.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ రాల్స్, జెఫ్రీ గోర్డన్ బృందం ఈ చేప పిల్లల్ని ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచింది. మామూలు పిల్లలతో పోల్చి చూస్తే, పేగులో బ్యాక్టీరియా ఉండటం వల్ల 212 జన్యువుల పనితీరు మారుతోందని 2004లో ప్రకటించారు. పేగు గోడలో కణాలు పుట్టడం, తిండి వంటపట్టడం, ఒంటి రక్షణ వ్యవస్థ మేలుకోవడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. రెండేళ్లకి అదే బృందం ఇంకో పని చేసింది. ఎలుక పేగు బ్యాక్టీరియాని చేపకి, చేప పేగు బ్యాక్టీరియాని ఎలుకకి మార్చి ఎక్కించింది. వచ్చినవి వచ్చినట్టే ఉండిపోలేదు. ఎలుకలో పడినవి ఎలుక పేగుకి తగిన పాళ్లలోకి, చేపలో పడినవి చేప పేగుకి తగిన పాళ్లలోకి సర్దుకున్నాయి. తరవాత 2011లో, ప్రయోగశాలల్లో తరాలుగా పెరిగిన జీబ్రా చేపల్నీ మన దేశంలో పట్టిన వాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండింటి పేగుల్లోనూ ఒక ఉమ్మడి గుంపు కనపడింది. పంపేది చెరువే అయినా, ఎవరిని ఉంచుకోవాలన్న ఎంపిక కొంత చేపదే. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఆ ఎంపిక బాగానే సాగుతుంది.

శక్తి తగ్గినప్పుడు ఏమవుతుంది? ఏరోమోనాస్‌ని గుర్తుపెట్టుకోమన్నాను. ఏరోమోనాస్ హైడ్రోఫిలా పేరు చెబితే చేపల రైతు గుండె జారుతుంది. ఒంటి మీద ఎర్ర మచ్చలు, పొట్ట ఉబ్బి నీరు చేరడం, పొలుసులు లేచి నిలబడటం, రెక్కలూ తోకా చివికిపోవడం, అన్నీ దాని గుర్తులు. చెరువులో నాలుగు చేపలు ఇలా తేలగానే "ఈ రోగం ఎక్కడి నుంచి వచ్చింది?" అంటారు. చాలాసార్లు ఎక్కడి నుంచీ రాలేదు. నీళ్లలోనూ ఉంది, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనూ ఉంది, మిగతావాటితో కలిసి తన వాటా తింటూ ఉంది. పేగు గోడ మీద జిగురు పొర చిక్కగా ఉన్నంతకాలం, ఆ పొర మీద మిగతా బ్యాక్టీరియా చోటు పట్టుకుని ఉన్నంతకాలం దానికి గోడ దాటే సందు దొరకదు. వరసగా నాలుగు రోజులు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోవడం, వల తిప్పి చేపల్ని గంటలకొద్దీ కుక్కి ఉంచడం, డ్రమ్ముల్లో దూరప్రయాణం, చెరువుకి మించిన పిల్లని వెయ్యడం, వీటిలో ఏది జరిగినా చేప రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. రక్షణ వ్యవస్థ మందగిస్తుంది, జిగురు పలచబడుతుంది, చేప తిండి మానేస్తుంది. చేప తినకపోతే పేగులో వాళ్లకీ తిండి లేదు. ఆ గందరగోళంలో ఇన్నాళ్లూ అద్దెకున్నవాడే గోడ దూకి రక్తంలో పడతాడు.

అప్పుడు మనవాళ్లు సాధారణంగా చేసే పని మేతలో యాంటీబయోటిక్ కలపడం. నా దృష్టిలో ఇందులో ఉన్న పొరపాటు మందు మంచిదా చెడ్డదా అన్నదానికంటే ముందే మొదలవుతుంది. జబ్బు చేసిన చేప మేత దగ్గరికే రాదు. బస్తా దగ్గరికి వచ్చి మందు తినేవి ఒంట్లో బాగున్న చేపలు. అంటే రోగికి అందని మందు ఇంట్లో మిగతా అందరూ తాగుతున్నారు. తాగి, పేగులో బాగా పనిచేస్తున్న వాటిని పోగొట్టుకుంటున్నారు. మందు ఆపాక ఆ ఖాళీ చోట్లని ముందుగా పట్టుకునేవి త్వరగా పెరిగే రకాలు, మందుకి లొంగని రకాలు. తినకుండా నేల చేరిన మేతలోని మందు బురదలోని బ్యాక్టీరియాకీ మందుకి లొంగకపోవడం నేర్పుతుంది. పైగా చేపకి పేను పట్టినా, మొప్పల్లో పురుగున్నా, ఆక్సిజన్ తక్కువైనా యాంటీబయోటిక్ చేసేదేమీ లేదు. మొప్ప ఎత్తి చూడకుండా, నీళ్లు పరీక్ష చేయించకుండా మందు కలపడం చీకట్లో కర్ర విసరడమే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల్ని మన దేశం ఆక్వా సాగులో 2002లోనే నిషేధించింది. వాటి ఆనవాళ్లు దొరికి విదేశీ రేవుల్లో రొయ్యల సరుకు తిరస్కరణకి గురైన ఉదంతాలు కోస్తా జిల్లాల్లో అందరికీ తెలిసినవే.

నార్వే ఉదాహరణ చాలామంది చెబుతారు కాబట్టి రెండు మాటలు. అక్కడ సాల్మన్ సాగులో 1987లో వాడిన యాంటీబయోటిక్కులు యాభై టన్నులకి దగ్గరగా వెళ్లాయి. తరవాత టీకాలు వచ్చాయి. ఇప్పుడు పట్టుబడి ఏటా పది లక్షల టన్నులు దాటుతున్నా వాడకం ఒక టన్నుకి లోపే ఉంటోంది. గొప్ప విజయమే. కాని ఒక్కో చేపకీ సూది వేసే ఆ పద్ధతిని మన మట్టి చెరువుల్లో కార్పులకు దించడం అంత తేలిక కాదు. మనకి నీళ్లూ మేతా సరిచూసుకోవడమే దగ్గరి దారి.

ఇక ప్రోబయోటిక్ డబ్బా. దాని మీద నాకు కోపం లేదు, భ్రమా లేదు. శీలావతి పేగులోంచి తీసిన బాసిల్లస్‌నే పెంచి మళ్లీ మేతలో కలిపి పెడితే పిల్లల పెరుగుదల మెరుగైందని మన దేశంలోనే ప్రయోగాలు చూపించాయి. ఇవి చోటు ఆక్రమించి చెడ్డవాటిని ఆనుకోనివ్వవు, ఎంజైములిస్తాయి, కొన్ని రకాలు ఆమ్లం ఊరించి పక్కవాటిని అదుపులో పెడతాయి. అయితే ప్రయోగశాల తొట్టిలో కనపడిన ఫలితం రెండెకరాల చెరువులో అలాగే రావాలని లేదు. బయటి నుంచి పెట్టిన బ్యాక్టీరియా చాలావరకు కాపురం పెట్టవు. పెడుతున్నన్నాళ్లూ ఉంటాయి, ఆపిన కొద్ది రోజులకి మలంతో వెళ్లిపోతాయి. పాలలో తోడు వేస్తే తోడుకుంటుంది, విరిగిన పాలలో వేస్తే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లని అడగండి. చెరువు అడుగున నల్ల బురద పేరుకుని, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంటే డబ్బా మీద ఎన్ని కోట్ల సంఖ్య అచ్చువేసినా తోడుకోదు.

వాడేవాళ్లు కొన్ని సంగతులు చూసుకుంటే డబ్బు దండగ కాకుండా ఉంటుంది. పేగు కోసం అమ్మేదీ నీటి కోసం అమ్మేదీ వేరు. మొదటిది చేప నోట్లోకి వెళ్లాలి. ఊరికే చెరువులో చల్లితే ఆ నీళ్లలో ఎంత పలచబడుతుందో లెక్కేసుకోండి. మేతకి పట్టించి, జిగురు మందు కలిపి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. బాసిల్లస్ గింజలాంటి గట్టి రూపంలో ఉంటుంది కాబట్టి వేడిని కొంత ఓర్చుకుంటుంది. లాక్టోబాసిల్లస్ ఓర్చుకోదు, ఎండలో ఉన్న షాపు అరమీద నెలలు గడిపిన డబ్బాలో అది బతికుంటుందని ఆశపడకండి. పొద్దున్న బ్లీచింగో అయోడినో పర్మాంగనేటో చల్లి సాయంత్రం ప్రోబయోటిక్ వెయ్యడం మరీ అన్యాయం, ఒక చేత్తో పోసి రెండో చేత్తో చంపినట్టే. బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో పులియబెట్టేవాళ్లు వాసన చూడాలి. పుల్లటి వాసన వస్తే సరే, కుళ్లు వాసన వస్తే గట్టు అవతల పారబొయ్యాలి. ఆ డ్రమ్ములో పెరిగింది మీరు వేసిందో దారినపోయిందో ముక్కు తప్ప చెప్పేవాళ్లు లేరు. రెండు చెరువులున్న రైతు ఒకదానికి వేసి, రెండోదానికి వెయ్యకుండా, రెండిటి మేత లెక్కా నెలనెలా వలేసి చూసిన బరువూ ఒక పుస్తకంలో రాసుకుంటే, అమ్మేవాడి మాటకంటే ఆ పుస్తకమే నమ్మకమైనది.

మేత గురించి కూడా ఒక్క మాట. వానాకాలంలో తడిసి బూజు పట్టిన వేరుశనగ చెక్క చవగ్గా వస్తుంది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ ఉంటుంది. అది చేప కాలేయాన్నీ పేగునీ దెబ్బతీస్తుంది, ఎండబెట్టినా వండినా పోదు. చలికాలం మరో పరీక్ష. చేప ఒంటి వేడి నీటి వేడితోపాటే దిగుతుంది కాబట్టి పుష్యమాసపు మంచులో పేగులో ఎంజైములూ బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తాయి. కార్తీకంలో తిన్నంత మేత పుష్యంలో అరగదు. బస్తాలో మిగులుతుంటే అది చేప చెబుతున్న లెక్క, మర్నాడు తగ్గించి కట్టండి.

చేప చచ్చాక కూడా ఈ కథ ఆగదు. ఊపిరి ఆగిపోయినా పేగులో బ్యాక్టీరియా, ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. ఆ పేగు గోడనే అరిగించి కండలోకి దారి చేసుకుంటాయి. చేప ముందుగా పొట్ట దగ్గర మెత్తబడి వాసన రావడానికి కారణం అదే. మన చెరువుల చేప పొట్ట కొయ్యకుండానే ఐసులో పడి, లారీల మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లి హౌరా మార్కెట్లో దిగుతుంది. పట్టుబడికి ముందు రోజు మేత ఆపి పేగు ఖాళీ చేయిస్తే ఆ ప్రయాణం చేపకి బాగా కలిసొస్తుంది. కొనేవాళ్లు చెయ్యగలిగింది ఇంకా తేలిక. చేపని అలాగే సంచీలో ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టకండి. కొన్నచోటే పేగు తీయించి, నీళ్లతో కడిగించి తెచ్చుకోండి.